కారుకు బయటి ఉష్ణోగ్రత మీటరు: సెన్సర్ ఎక్కడ పెట్టాలి, ఎలా బిగించాలి

కొత్త కార్లలో పై వేరియంట్లకు స్పీడోమీటరు పక్కనే బయటి ఉష్ణోగ్రత కనిపిస్తుంది. కింది వేరియంట్లలోనూ, పాత కార్లలోనూ చాలావాటికి ఆ సౌకర్యం ఉండదు. విడిగా దొరికే చిన్న డిజిటల్ మీటరు తెచ్చి, దాని సెన్సర్‌ను ముందు బంపర్ వెనక బిగిస్తే ఆ లోటు తీరుతుంది. ఫ్యూజు మార్చడం, వైరు అతకడం వచ్చినవారికి ఇది ఒక పూట పని.

కష్టమంతా వైరింగులోనే ఉంటుందని చాలామంది అనుకుంటారు. అసలు బుర్ర పెట్టాల్సింది సెన్సర్‌కు చోటు చూడటంలో. చోటు కుదరకపోతే ఎంత మంచి మీటరైనా రేడియేటర్ సెగనో, బ్రేకుల వేడినో కొలుస్తూ కూర్చుంటుంది. అందుకే ఈ వ్యాసంలో చోటు గురించి ఎక్కువ, మిగతావాటి గురించి అవసరమైనంత చెబుతాను.

ఈ అంకె దేనికి పనికొస్తుందంటే, మే నెలలో రెంటచింతల, రామగుండం వైపు ప్రయాణం చేస్తున్నప్పుడు బయట 44 డిగ్రీలుంటే ఏసీ గాలి కాస్త వెచ్చబడటం సహజమే. బయట 30 ఉన్నా అలాగే వస్తుంటే గ్యాసు తగ్గిందేమో చూపించుకోవాలి. మీటరు లేకపోతే ఈ తేడా తెలియక అనవసరంగా గ్యాసు నింపించుకునేవారున్నారు. చలికాలంలో లంబసింగి, పాడేరు ఘాట్లలో తెల్లవారుజామున ఉష్ణోగ్రత చకచకా పడిపోతుంటే ముందున్న మలుపులో పొగమంచు ఉండవచ్చని సిద్ధపడవచ్చు. అమెరికాలోనో కెనడాలోనో ఉండే మనవారికైతే ఇది భద్రత విషయం. మీటరు 3 డిగ్రీలు, అంటే దాదాపు 37 ఫారెన్‌హీట్ చూపించినప్పటి నుంచే రోడ్డు మీద మంచు పలక ఉండవచ్చని జాగ్రత్తపడాలి. వంతెనల మీద అడుగు నుంచి కూడా గాలి తగులుతుంది కాబట్టి అక్కడ మామూలు రోడ్డు కంటే ముందే నీరు గడ్డకడుతుంది.

కొనే ముందు

ముందు మీ కారులో సెన్సర్ ఇప్పటికే ఉందేమో చూసుకోండి. ఉష్ణోగ్రతను తనే సర్దుకునే ఆటోమేటిక్ ఏసీ ఉన్న కార్లకు సాధారణంగా బయటి సెన్సర్ ఉంటుంది. ట్రిప్ మీటరు బటన్ నొక్కుతూ పోతే ఆ అంకె ఏదో ఒక తెర మీద కనిపించవచ్చు. ఓబీడీ సాకెట్‌కు (మెకానిక్కులు కారు కంప్యూటర్‌ను చదివే సాకెట్) పెట్టే చిన్న రీడరు మీ దగ్గర ఉంటే ఫోనులో కూడా చూడవచ్చు. కానీ అందులో రెండు వేర్వేరు అంకెలుంటాయి. ఒకటి బయటి గాలి ఉష్ణోగ్రత, దీన్ని అన్ని కార్లూ ఇవ్వవు. రెండోది ఇంజను పీల్చుకునే గాలి ఉష్ణోగ్రత, ఇది దాదాపు ప్రతి కారులోనూ ఉంటుంది. బానెట్ కింది వేడి కలిసిన రెండో అంకెను బయటి ఉష్ణోగ్రత అనుకుని మోసపోకండి.

కొనాల్సి వస్తే బటన్ సెల్‌తో నడిచేవి వద్దు. ఎండలో తలుపులు మూసి నిలిపిన కారు డ్యాష్‌బోర్డు వేడికి వాటి తెర నల్లబడుతుంది, సెల్ కారిపోతుంది. 12 వోల్టుల మీద నడిచే ఎల్‌ఈడీ మీటరు తీసుకోండి. సెన్సర్ స్టీలు తొడుగులో, నీరు చొరకుండా మూసి ఉండాలి. వైరు చిన్న కారుకు కనీసం 3 మీటర్లు, సెడాన్‌కు 5 మీటర్లు ఉంటే నిశ్చింత. రాత్రి పూట వెలుగు తగ్గించే ఏర్పాటు తప్పకుండా చూడండి. ఘాట్ రోడ్డు చీకట్లో కళ్ల ముందు నీలం అంకెలు మెరుస్తుంటే ఎదురుగా వచ్చేది సరిగ్గా కనిపించదు.

ఈ మీటర్లలో ఎక్కువ వాటికి సెన్సర్‌గా ఉండేది 10 కిలో ఓమ్‌ల థర్మిస్టర్, అంటే వేడిని బట్టి నిరోధం మారే చిన్న పరికరం. వేడి పెరిగేకొద్దీ దాని నిరోధం తగ్గుతుంది. 25 డిగ్రీల దగ్గర 10 కిలో ఓమ్‌లు ఉండేది, 40 డిగ్రీలకు సుమారు 5.3కి దిగుతుంది, 0 దగ్గర 30 దాటిపోతుంది. దీనికి ప్లస్, మైనస్ అంటూ ఉండవు, రెండు వైర్లు ఎటు కలిపినా ఒకటే. అయితే అన్ని 10 కిలో ఓమ్‌ల థర్మిస్టర్లూ ఒకటి కావు. వేడికి నిరోధం ఎంత వేగంగా మారుతుందో చెప్పే బీటా అనే విలువ వాటికి ఉంటుంది, 3950, 3435 రకాలు మార్కెట్లో ఎక్కువగా దొరుకుతాయి. 3950కి తయారైన మీటరుకు 3435 సెన్సర్ తగిలిస్తే 25 దగ్గర సరిగ్గానే చూపించి, 45 దగ్గర దాదాపు 3 డిగ్రీలు తక్కువ చూపిస్తుంది. అందుకే సెన్సర్ పాడైతే చేతికందినది తెచ్చి కలపకూడదు, అదే రకం వెతకాలి.

ఐసు గ్లాసు పరీక్ష

బిగించిన తర్వాత తప్పని తెలిస్తే బంపర్ మళ్లీ విప్పాలి. కాబట్టి కొన్న రోజే ఇంట్లో పరీక్షించండి. 12 వోల్టుల అడాప్టర్‌తో గానీ, కారు బ్యాటరీ దగ్గర ఫ్యూజు ఉన్న వైరుతో గానీ మీటరును వెలిగించండి.

ఐసు ముక్కలను గుడ్డలో చుట్టి చితక్కొట్టి గ్లాసు నిండా వేయండి. సందులు నిండేవరకే చల్లని నీళ్లు పోయండి. నీళ్లు ఎక్కువై ఐసు పైకి తేలితే లాభం లేదు. 4 డిగ్రీల నీరు అన్నిటికంటే బరువైనది కాబట్టి అది అడుగుకు చేరి, సెన్సర్ అక్కడ తగిలితే 0కి బదులు 3, 4 చూపిస్తుంది. సెన్సర్ కొనను ఐసు మధ్యలో, గ్లాసు గోడకు ఆనకుండా ఉంచి, చెంచాతో మెల్లగా కలుపుతూ ఐదు నిమిషాలు ఆగండి. అంకె కదలకుండా నిలబడ్డాక చూడాలి. 0కి ఒక డిగ్రీ అటూఇటూ ఉంటే మంచిదే. 3 డిగ్రీల దగ్గర ఆగిపోతే పైన చెప్పిన బీటా తేడా అయ్యే అవకాశం ఉంది, దుకాణానికి తిరిగి ఇచ్చేయండి. కొన్ని మీటర్లలో తేడాను సరిచేసే బటన్ ఉంటుంది, ఒక డిగ్రీ తేడా అయితే దాంతో సరిపెట్టవచ్చు. 3 డిగ్రీల తేడాను దాంతో కప్పిపుచ్చితే 0 దగ్గర సరిపోయి, వేసవిలో మరింత తప్పు చూపిస్తుంది.

చోటు ఎంచుకోవడం

వాతావరణ శాఖవారు ఉష్ణోగ్రతను తెల్ల రంగు వేసిన, చుట్టూ గాలి ఆడే చెక్కపెట్టెలో, నేలకు మీటరు పైన ఎత్తులో కొలుస్తారు. నీడ, కదిలే గాలి, వేడి వస్తువులకు దూరం అనే మూడు నియమాలూ అందులో ఉన్నాయి. కారులో చెక్కపెట్టె కుదరదు గానీ ఈ మూడూ పాటించవచ్చు.

ఎక్కువ కార్లకు సరిపోయే చోటు ముందు బంపర్ వెనక, కింది జాలీ దగ్గర, ఒక పక్కగా. బానెట్ ఎత్తి, లేదా కారు ముందు మోకాళ్ల మీద కూర్చుని టార్చితో జాలీలోంచి చూడండి. మొదట ఏసీ కండెన్సర్, దాని వెనక రేడియేటర్ కనిపిస్తాయి. సెన్సర్ ఆ రెండిటికీ ముందుండాలి, కండెన్సర్ అంచు దాటి పక్కకు జరిగి ఉంటే ఇంకా మేలు. హారన్ బిగించిన పట్టీ, బంపర్ లోపలి ప్లాస్టిక్ పక్కటెముక, నంబరు ప్లేటు వెనక నీడ పడే చోటు, ఇవన్నీ చూడదగ్గవే. ఇనుముకు నేరుగా తాకించవద్దు. ఇనుము ఇంజను వేడిని మోసుకొస్తుంది. ప్లాస్టిక్ పట్టీకి కట్టి, కొన మాత్రం గాలిలో వేలాడేలా వదలండి.

పెట్టకూడని చోట్లు కొన్ని చూడటానికి బాగానే కనిపిస్తాయి. వైపర్ల కింద ఉండే జాలీ అలాంటిదే. వైరు లోపలికి తేవడం అక్కడి నుంచి తేలిక, కానీ కారు ఆగగానే ఇంజను వేడి బానెట్ వెనక అంచు నుంచి పైకి లేచి అక్కడికే చేరుతుంది. చక్రం పైన మడ్‌గార్డు లోపల బ్రేకుల వేడి ఉంటుంది. హాలోజన్ ఫాగ్ ల్యాంపు పక్కన రాత్రి ఒక అంకె, పగలు ఒక అంకె కనిపిస్తాయి. వెనక బంపర్ దగ్గర సైలెన్సర్ ఉంటుంది. ఎండ పడే నల్ల ప్లాస్టిక్ మీద అతికించడమంటే ఆ ప్లాస్టిక్‌నే కొలిచినట్టు.

మరీ కిందకూ వద్దు. మండు వేసవి మధ్యాహ్నం తారు రోడ్డు ఉపరితలం 60 డిగ్రీలు దాటడం మామూలే, కింద వేలాడే సెన్సర్‌కు ఆ సెగ తగులుతుంది. వానలో చిమ్మిన నీరు కూడా ఇబ్బందే. తడిసిన సెన్సర్ మీద నీరు ఆవిరవుతూ దాన్ని చల్లబరుస్తుంది, ఆరేదాకా అసలుకంటే తక్కువ చూపిస్తుంది. మంచు కురిసే దేశాల్లో సెన్సర్ చుట్టూ మంచు గడ్డకట్టి, బయట వెచ్చబడినా ఆ మంచు కరిగేదాకా 0 దగ్గరే ఆగిపోవచ్చు. నీరు నేరుగా చిమ్మే చోటు తప్పించి, పక్కటెముక చాటున పెడితే రెండు బాధలూ తగ్గుతాయి.

పక్క అద్దం అడుగున పెట్టే పద్ధతి కూడా ఉంది, కొన్ని కంపెనీలు తమ సెన్సర్‌ను అక్కడే పెడతాయి. ఇంజనుకు దూరం, నేలకు ఎత్తు, నిత్యం నీడ. కొలత నాణ్యత దృష్ట్యా చూస్తే నాకు అదే మెరుగైన చోటు. కానీ వైరును తలుపు లోపలి నుంచి, తలుపుకూ బాడీకీ మధ్య ఉండే రబ్బరు గొట్టం గుండా తేవాలి. తలుపు తెరిచి మూసినప్పుడల్లా ఆ వైరు వంగుతుంది. తలుపు ప్యానెల్ విప్పిన అనుభవం ఉంటేనే అటు వెళ్లండి.

చోటు అనుకున్నాక వెంటనే శాశ్వతంగా బిగించకండి. సెన్సర్‌ను కేబుల్ టైతో కట్టి, వైరును బానెట్ పక్కగా టేపుతో గట్టిగా అతికించి, తలుపు సందులోంచి లోపలికి తెచ్చి ఒక రోజు నడపండి. ఉదయం కారు తీయకముందు కనిపించే అంకె ఆ చోటి గాలితో సరిపోవాలి. హైవే మీద వేగంగా వెళ్తున్నప్పటి అంకెనూ, సిగ్నల్ దగ్గర ఏసీ వేసి రెండు మూడు నిమిషాలు ఆగినప్పటి అంకెనూ పోల్చండి. ఆగినప్పుడు రెండు మూడు డిగ్రీలు పెరిగి, కదలగానే దిగివస్తే చోటు మంచిదే. ఏడెనిమిది డిగ్రీలు ఎగబాకి దిగడానికి చాలాసేపు పడితే మరో చోటు వెతకండి.

ఆగినప్పుడు అసలు పెరగకుండా ఉండే చోటు ముందు బంపర్లో దొరకడం కష్టం. ఫ్యాను తోసేసిన వేడిగాలి కారు కింద నుంచి తిరిగి ముందుకు వస్తుంది. ఇంజను ఆపాక ఫ్యాను కూడా ఆగి, రేడియేటర్ సెగ నేరుగా ముందుకు పాకుతుంది. కంపెనీ బిగించిన మీటర్లలో కారు నెమ్మదిగా ఉన్నప్పుడు అంకెను పెరగనివ్వకుండా సాఫ్ట్‌వేర్ ఆపుతుంది. మనం కొనే మీటరుకు ఆ తెలివి ఉండదు. కాబట్టి కారు తీశాక రెండు మూడు కిలోమీటర్లు సాఫీగా నడిచిన తర్వాతే అంకెను నమ్మండి.

వైరును లోపలికి తేవడం

10 నంబరు పానాతో బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ ముందు విప్పండి. పాజిటివ్ జోలికి వెళ్లనక్కర్లేదు. పసుపు రంగు తొడుగు, పసుపు కనెక్టర్లు ఉన్న వైర్లు ఎయిర్‌బ్యాగులవి. వాటిని కదపవద్దు, వాటికి ఏదీ కట్టవద్దు.

ఇంజను గదికీ క్యాబిన్‌కూ మధ్య ఉన్న ఇనుప గోడకు కొత్త రంధ్రం చేయకండి. వైర్ల కట్టలు వెళ్లడానికి కంపెనీవారే రంధ్రాలు చేసి, వాటికి రబ్బరు గ్రొమెట్లు (రంధ్రం అంచును మూసే బిరడాలు) పెట్టి ఉంటారు. బానెట్ తెరిచే తీగ వెళ్లే గ్రొమెట్ చాలా కార్లలో అందుబాటులో ఉంటుంది. దాని అంచున చిన్న గాటు పెట్టి, గట్టి బైండింగ్ వైరు మొనను టేపుతో గుండ్రంగా చేసి క్యాబిన్ వైపు నుంచి తోయండి. మొన బయటకు వచ్చాక సెన్సర్ వైరును దానికి కట్టి లోపలికి లాగండి. సబ్బు నీళ్లు రాస్తే సులువుగా జారుతుంది. ఉన్న వైర్ల కట్ట మధ్యలోకి మొన గుచ్చకండి, ఇన్సులేషన్ చిరిగితే ఆ నష్టం ఎప్పుడో తర్వాత బయటపడుతుంది. పని అయ్యాక గాటును సిలికోన్‌తో పూడ్చండి. గ్రొమెట్‌కు ముందు వైరును కిందికి ఒక వంపు తిప్పి ఉంచితే దాని వెంట కారే వాన నీరు ఆ వంపు దగ్గరే చుక్కలుగా రాలిపోతుంది, క్యాబిన్‌లోకి రాదు.

ఇంజను గదిలో వైరుకు గాడుల ప్లాస్టిక్ గొట్టం తొడిగి, ఉన్న వైర్ల కట్టల వెంబడి కేబుల్ టైలతో జానెడుకొకటి చొప్పున కట్టుకుంటూ రండి. ఫ్యాను రెక్కలకు, బెల్టులకు, ఎగ్జాస్టుకు దూరంగా ఉండాలి. ఇగ్నిషన్ కాయిల్ వైర్ల పక్కనే నడిపిస్తే అంకె గంతులేయవచ్చు. లోపల పెడళ్లకూ స్టీరింగు రాడ్డుకూ తగిలే అవకాశం ఏ మాత్రం ఉండకూడదు. బ్రేకు పూర్తిగా తొక్కి, స్టీరింగును రెండు వైపులా చివరిదాకా తిప్పి స్వయంగా చూడండి.

వైరు చాలకపోతే ధైర్యంగా పొడిగించవచ్చు. 5 మీటర్ల మామూలు సన్న రాగి వైరు రానూపోనూ కలిపి అర ఓమ్ కూడా చేర్చదు, వేల ఓమ్‌ల థర్మిస్టర్ ముందు అది లెక్కలోకి రాదు. ప్రమాదమంతా అతుకులో చేరే తేమతో. రెండు వైర్ల మధ్య తేమ చేరితే అది సెన్సర్‌కు సమాంతరంగా మరో దారి అవుతుంది, మొత్తం నిరోధం తగ్గి మీటరు ఎక్కువ చూపిస్తుంది. తేమ దారి 100 కిలో ఓమ్‌లు ఉన్నా చాలు, 25 డిగ్రీల దగ్గర 2 డిగ్రీలు పెరుగుతుంది. చలిలో ఈ తప్పు ఇంకా పెద్దది. కాబట్టి అతుకును ఊరికే మెలిపెట్టి టేపు చుట్టి వదలకండి. రెండు అతుకులూ పక్కపక్కన రాకుండా ఒకటి ముందుకు, ఒకటి వెనక్కు జరిపి క్రింప్ చేసి (లోహపు తొడుగులో పెట్టి నొక్కి), లోపల జిగురున్న హీట్ ష్రింక్ స్లీవ్ (వేడికి ముడుచుకునే గొట్టం) తొడిగి వేడి చేయండి. చివర్లలో జిగురు కొద్దిగా ఉబికి కనిపిస్తే అతుకు మూసుకున్నట్టు.

బంపర్ వెనక రెండు పిన్నుల వాటర్‌ప్రూఫ్ కనెక్టరు ఒకటి పెడితే రేపు పెయింటింగుకో డెంటింగుకో బంపర్ విప్పేవారు వైరును తెంపకుండా ఊడదీయగలుగుతారు.

కరెంటు ఎక్కడి నుంచి

కారు ఇంకా వారంటీలో ఉంటే సిగరెట్ లైటర్ సాకెట్‌కు పెట్టే ప్లగ్గుతో సరిపెట్టుకోండి. వైరింగు కదిపారన్న కారణంతో వారంటీ దగ్గర పేచీ వచ్చే అవకాశం ఉంది.

లేకపోతే ఫ్యూజు బాక్సులో ఫ్యూజు ట్యాప్ (ఒక ఫ్యూజు గాడిలో గుచ్చి, దాని నుంచి మరో ఫ్యూజుతో కొత్త వైరు తీసుకునే ముక్క) పెట్టడం శుభ్రమైన పద్ధతి. మల్టీమీటరు పట్టుకుని, తాళం తీసేస్తే 0, తాళం మొదటి మెట్టుకు తిప్పితే 12 వోల్టులు చూపించే ఫ్యూజును వెతకండి. ఈ కొలత కోసం బ్యాటరీ టెర్మినల్‌ను కాసేపు తిరిగి తగిలించాలి. రేడియోదీ సాకెట్‌దీ సాధారణంగా ఇలా ఉంటాయి. ఎయిర్‌బ్యాగు, ఏబీఎస్, ఇంజను కంప్యూటర్, పెట్రోలు పంపు ఫ్యూజులను ముట్టుకోవద్దు. ఎంచుకున్న ఫ్యూజును పీకి, తాళం తిప్పి, రెండు గాడుల్లో ఏది 12 చూపిస్తుందో చూడండి. ట్యాప్‌కు ఉన్న రెండు కాళ్లలో రెండు ఫ్యూజులకూ కరెంటు అందించే కాలు ఆ గాడిలో ఉండాలి. తిరగేసి పెట్టినా మీటరు వెలుగుతుంది, కానీ దాని కరెంటు పాత ఫ్యూజు మీదుగా కూడా పోతుంది. పాత ఫ్యూజును దాని చోట, మీటరు కోసం 1 లేదా 2 ఆంపియర్ల ఫ్యూజును కొత్త చోట పెట్టండి.

ఎప్పుడూ కరెంటు ఉండే ఫ్యూజుకు కలిపితే పని తేలిక అనిపిస్తుంది. లెక్క చూడండి. 20 మిల్లీ ఆంపియర్లు లాగే మీటరు నెల రోజులు వెలుగుతూనే ఉంటే 14 ఆంపియర్ అవర్లకు పైగా ఖర్చవుతుంది. చిన్న కారుకు ఉండే 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో అది ఐదింట రెండు వంతులు. ఊరెళ్లి వచ్చేసరికి కారు స్టార్ట్ కాకపోవచ్చు. గడియారం కూడా ఉన్న మీటరైతే మూడో వైరు ఒకటి నిరంతర కరెంటుకు కలపమని కాగితంలో రాసి ఉంటుంది. గడియారం వరకే అయితే అది లాగేది చాలా తక్కువ, కలపవచ్చు.

నల్ల వైరును బాడీ ఎర్త్‌కు, రంగు లేని ఇనుము తగిలే బోల్టు కింద బిగించండి. డిస్‌ప్లేను ఎయిర్‌బ్యాగు మూత మీద గానీ, అది తెరుచుకునే దారిలో గానీ అతికించకూడదు. ఎడమ వైపు డ్యాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగు గుర్తు ఉందేమో చూసి, స్టీరింగుకూ మధ్య ఏసీ గాలి దారికీ నడుమ, చూపుకు అడ్డం రాని చోట పెట్టండి.

నడిపి చూడటం

అన్నీ బిగించాక బ్యాటరీ టెర్మినల్ పెట్టి, బానెట్ మూసే ముందు ఇంజను స్టార్ట్ చేసి ఫ్యాను తిరిగే దాకా ఆగండి. వైరు ఎక్కడా తగలడం లేదని కంటితో చూసుకోవాలి.

ఘాట్ రోడ్డు దగ్గరలో ఉంటే మంచి పరీక్ష దొరుకుతుంది. కిలోమీటరు ఎత్తుకు గాలి సగటున 6.5 డిగ్రీలు చల్లబడుతుంది. విశాఖ నుంచి సుమారు 900 మీటర్ల ఎత్తున్న అరకు లోయకు వెళ్తే ఐదారు డిగ్రీలు, తిరుపతి నుంచి తిరుమలకు ఎక్కితే నాలుగైదు డిగ్రీలు తగ్గాలి. వాన, మబ్బు, ఎండ ఎక్కే వేళ వల్ల ఈ తేడా మారుతుంది గానీ, పైకి ఎక్కేకొద్దీ అంకె దిగుతూ ఉండాలి. ఎక్కుడులో ఇంజను కష్టపడుతున్న కొద్దీ అంకె పైకి పోతుంటే సెన్సర్ గాలిని కాక కండెన్సర్‌ను కొలుస్తోందన్నమాట. పక్కకు జరపండి.

తర్వాత ఎప్పుడైనా తేడా వస్తే అంకెను బట్టే జబ్బు చెప్పవచ్చు. ఉన్నట్టుండి విపరీతమైన చలి చూపిస్తే, లేదా గీతలు వస్తే వైరు ఎక్కడో తెగింది. విపరీతమైన వేడి చూపిస్తే రెండు వైర్లూ తాకుతున్నాయి. వాన పడినప్పుడల్లా నాలుగైదు డిగ్రీలు పెరిగి, ఎండ కాశాక సరిపోతే అతుకులో తేమ చేరింది. గుంతల రోడ్డు మీద మాత్రమే గంతులేస్తే ఎర్త్ బోల్టు లేదా కనెక్టరు వదులైంది. తెగిన వైరుకు మన దగ్గర మొదటి అనుమానితురాలు ఎలుక. బంపర్ వెనక కొరికిన ప్లాస్టిక్ తునకలు కనిపిస్తే ఒక్క సెన్సర్ వైరు మార్చి ఊరుకోకండి, పక్కనున్న హారన్, ల్యాంపు వైర్లను కూడా వేళ్లతో తడిమి చూడండి.